బోనాల ఊరేగింపును ఆర్కెస్ట్రాకు రాయడం ఎలా?

ఆషాఢం దగ్గర పడగానే ఈ ప్రశ్న మొదలవుతుంది: "బోనాల డప్పును ఆర్కెస్ట్రాలోకి ఎలా తేవాలి?" షార్ట్ ఫిల్మ్‌లకు సంగీతం చేసే కుర్రాళ్లు అడుగుతారు, కాలేజీలో మ్యూజిక్ చదివేవాళ్లు అడుగుతారు. అమెరికాలో స్కూల్ ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించే పిల్లల అమ్మానాన్నలు కూడా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం పద్ధతి ఒకచోట పెడుతున్నాను.

నాకు వినమని పంపే ట్రాక్‌లు చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. అడుగున డప్పు లూప్, దాని మీద పెద్ద స్ట్రింగ్స్, చివర్లో "ఆ…" అంటూ కోరస్. భారీగా ఉంటుంది కానీ ఊరేగింపు కనబడదు. ఊరేగింపు వస్తుంది, ఆగుతుంది, దాటిపోతుంది. వేదిక మీద కుర్చీల్లో కూర్చున్న అరవై డెబ్బై మంది కదలరు. వాళ్ల చేత నడక వినిపించాలంటే, వినేవాడు ఏ చోట నిలబడి ఉన్నాడో రాసేవాడికి ముందే తెలిసి ఉండాలి. రాగం, దరువు, వాద్యాల పంపకం అన్నీ దాని తర్వాతే. కింద చెప్పే మెట్లన్నీ దీని మీదే కట్టినవి.

కావలసినవి

- స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి) కొంచెమైనా చదవగలగడం. రాయడానికి మ్యూస్‌స్కోర్ సరిపోతుంది, ఉచితం. డొరికో, సిబేలియస్ ఉంటే మంచిదే. ఫినాలే కొత్తగా నేర్చుకోవద్దు, దాని అభివృద్ధి ఆపేస్తున్నట్టు 2024లో ఆ కంపెనీయే ప్రకటించింది.
- ఆర్కెస్ట్రా శబ్దాలు: మ్యూస్‌స్కోర్‌తో ఉచితంగా దొరికే మ్యూస్ సౌండ్స్ మొదటి ప్రయత్నానికి చాలు.
- చిన్న రికార్డర్, లేదా ఆటో గెయిన్ (శబ్దాన్ని దానంతట అదే పెంచి తగ్గించే సదుపాయం) ఆపుకునే వీలున్న ఫోన్ యాప్.
- మెట్రోనోమ్, మంచి హెడ్‌ఫోన్స్.
- కనీసం ఒక పూట మీతో కూర్చోగల డప్పు కళాకారుడు. ఆయన సమయానికి డబ్బు ఇవ్వాలి. దీన్ని ఖర్చుల జాబితాలో మొదటి వరుసలో రాసుకోండి.

1. ఒక్క ఊరేగింపును, ఒక్క చోటును ఎంచుకోండి

"బోనాలు" అంటే చాలా పెద్ద మాట. గోల్కొండ కోటలో మెట్లెక్కి వెళ్లే బోనం వేరు, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి దగ్గర లష్కర్ బోనాలు వేరు, పాతబస్తీలో లాల్‌దర్వాజ బోనాల తర్వాత సాగే ఘటాల ఊరేగింపు వేరు. కోటలో రాతి గోడలున్నాయి, ఎక్కుడుంది, ఆయాసముంది. పాతబస్తీలో ఇరుకు సందులు, రెండు పక్కలా మేడలు, కాబట్టి శబ్దం గోడల మధ్య కొట్టుకుంటూ వస్తుంది. ఒకదాన్ని తీసుకోండి.

తర్వాత వినేవాడిని నిలబెట్టండి. మూడు చోట్లలో ఏదో ఒకటి:

అ) మేడ మీద నిలబడి చూస్తున్నాడు. ఊరేగింపు దూరం నుంచి వచ్చి, కింద నుంచి దాటిపోతుంది.
ఆ) గుంపులోనే నడుస్తున్నాడు. డప్పు ఎప్పుడూ పక్కనే ఉంటుంది, మారేది చుట్టూ ఉన్న సందు.
ఇ) గుడి ముందు నిలబడ్డాడు. ఒక్కో బస్తీ నుంచి ఒక్కో గుంపు వచ్చి చేరుతుంది.

మొదటిసారి రాస్తుంటే (అ) తీసుకోండి. దానికి మొదలు, మధ్య, చివర వాటంతట అవే ఉన్నాయి. (ఇ) చాలా బాగుంటుంది, చాలా కష్టం కూడా. రెండు మూడు దరువులు ఒకదాని మీద ఒకటి పడతాయి. కాగితం మీద ఒక్క వాక్యం రాసి ఎదురుగా అంటించుకోండి: "వినేవాడు ఫలానా చోట ఉన్నాడు, ఊరేగింపు ఫలానా వైపు నుంచి వస్తోంది." ఈ వాక్యం రాయలేకపోతే రెండో మెట్టుకు వెళ్లొద్దు.

2. వెళ్లి వినండి, తర్వాత రికార్డు చేయండి

యూట్యూబ్ వీడియోల్లో ఎక్కువభాగం ఊరేగింపు మధ్యలో ఫోన్ పట్టుకుని తీసినవి. శబ్దం పగిలిపోయి ఉంటుంది, దూరం అసలు వినబడదు. మీకు కావలసింది ఆ దూరమే.

రికార్డర్ లెవెల్ బాగా తగ్గించి పెట్టండి. గట్టి దెబ్బ పడినప్పుడు కూడా మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా ఉంటే చాలు. ఒకసారి వీధి చివర నుంచి, ఒకసారి మూల మలుపు దగ్గర, ఒకసారి డప్పులకు నాలుగైదు మీటర్ల దూరంలో రికార్డు చేయండి. డప్పులు కాచుకునే చోటికి కూడా వెళ్లండి. నిప్పు సెగకు తోలు బిగుసుకుంటూ ఉంటే మధ్యమధ్య ఒక్కో దెబ్బ కొట్టి చూసుకుంటారు. ఆ విడివిడి దెబ్బలు మీ రచనకు చక్కటి ఆరంభం కావచ్చు.

అడుగుల వేగం అక్కడే లెక్కపెట్టండి. 15 సెకన్లలో పడ్డ అడుగులను 4తో గుణించండి. రెండు లెక్కలు తీసుకోండి: తలమీద బోనం ఎత్తుకున్న ఆడవాళ్ల నడక ఒకటి, డప్పు ముందు ఆడేవాళ్ల అడుగు ఒకటి. ఈ రెండూ ఒకటి కావు. ఆ తేడాయే మీ ముడిసరుకు.

జాగ్రత్త: వాయించేవాళ్లను అడిగి రికార్డు చేయండి. విని నేర్చుకోవడానికి వాడుకోవడం వేరు, వాళ్ల వాయిద్యాన్నే ముక్కలు కోసి మీ ట్రాక్‌లో పెట్టుకోవడం వేరు. రెండోదానికి రాతపూర్వక అంగీకారం, పారితోషికం రెండూ ఉండాలి. బోనాల మర్నాడు పచ్చికుండ మీద నిలబడి రంగం (భవిష్యవాణి) చెప్పే స్త్రీ గొంతును శాంపిల్‌గా వాడొద్దు. అది అమ్మవారి మాట అని నమ్మి వచ్చినవాళ్లు అక్కడ వేలమంది ఉంటారు. ఇంకొకటి, ఇంటర్నెట్‌లో "జానపదం" పేరుతో దొరికే బోనాల పాటల్లో చాలావాటికి రాసినవాళ్లు, హక్కుదారులు ఉన్నారు. ఆ బాణీ ఎత్తుకుంటే చిక్కే.

3. దరువును కాగితం మీద పెట్టండి

డప్పుకు రెండు పుల్లలు. కుడిచేతిలో పొట్టిగా మందంగా ఉండేది సిర్ర, కొన్ని చోట్ల చిర్ర అంటారు. ఎడమచేతిలో సన్నగా పొడుగ్గా ఉండేది చిటికెన పుల్ల. సిర్ర దెబ్బ బరువుగా మోగుతుంది, చిటికెన పుల్ల చురుక్కుమంటుంది. అందుకని ఐదు గీతల స్టాఫ్ వద్దు. రెండు గీతలు గీసి, కింది గీత సిర్రకు, పై గీత చిటికెన పుల్లకు ఇవ్వండి.

కళాకారుడి పక్కన కూర్చున్నప్పుడు "ఇది ఎన్ని మాత్రలు?" అని అడిగితే పని జరగదు. "అన్నా, నోటితో చెప్పు" అనండి. నోటితో పలికేది నెమ్మదిగా, తేటగా వస్తుంది. పక్కనే చేతుల వీడియో తీసుకోండి.

హైదరాబాద్ తీన్‌మార్ ఊపు మూడేసి ముక్కలుగా సాగుతుంది. దాన్ని 6/8లోనో 12/8లోనో రాయండి. 4/4లో రాసి ట్రిప్లెట్లు (ఒక మాత్రను మూడు ముక్కలు చేయడం) పెడితే వాయించేవాళ్లు గట్టిగా, బిగుసుకుపోయి వాయిస్తారు. సాధనకు ఆరు మాత్రల ఒక చిన్న దరువు కట్టి చూపిస్తున్నాను. ఇది నేను కట్టింది, సంప్రదాయ దరువు కాదు:

1 ఢం – 2 (ఖాళీ) – 3 ట – 4 ఢం – 5 ట – 6 ట

ఢం అంటే సిర్ర, ట అంటే చిటికెన పుల్ల. 1, 4 మీద అడుగు వేస్తూ గదిలో నడవండి. మూడో మాత్ర మీద పడే "ట" మిమ్మల్ని తర్వాతి అడుగుకు తోస్తోందా? తోస్తుంటే సరిగ్గా పలుకుతున్నారు. మీ ఊరేగింపు దరువు రాశాక కూడా ఇదే పరీక్ష పెట్టండి.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సాఫ్ట్‌వేర్‌లో దరువు ఎక్కించి, నూరు శాతం క్వాంటైజ్ (ప్రతి దెబ్బనూ సరిగ్గా గీత మీదికి లాగేయడం) కొట్టేస్తారు. దాంతో డప్పు కుట్టుమిషన్ అయిపోతుంది. రికార్డింగ్‌ను తెరపై పెట్టి చూస్తే చిటికెన పుల్ల దెబ్బలు గీతకు కాస్త ముందో వెనకో పడుతుంటాయి. డెమోలో అలాగే ఉంచండి. నొటేషన్‌లో మాత్రం శుభ్రంగా రాయండి, మిగతాది వాయించే మనిషి చూసుకుంటాడు.

4. ముందు నిర్ణయం: అసలు డప్పు ఉండాలా?

రెండు దారులూ మంచివే, కలపకండి.

మొదటి దారిలో వేదిక మీద నిజమైన డప్పు ఉంటుంది. అప్పుడు ఆర్కెస్ట్రా దాన్ని అనుకరించడం దండగ. డప్పు దరువు నడిపిస్తుంది, మిగతావాళ్లు వీధి, గోడలు, జనం, దూరం వాయిస్తారు. ఇబ్బందులు చెబుతాను. డప్పు ధ్వని ముందు ఫ్లూట్ కింది స్థాయి, వయోలాల మెత్తటి వాక్యాలు వినబడవు, కాబట్టి అవి డప్పు ఆగినప్పుడే రావాలి. ఏసీ హాల్లో తోలు తీరు మారిపోతుంది, ఆడిటోరియంలో నిప్పు పెట్టనివ్వరు. తెర వెనక ఎలక్ట్రిక్ హీటర్ పెట్టించండి, ఒక డప్పు సెగ దగ్గర ఉండగా ఇంకొకటి వాయించేలా రెండు మూడు డప్పులు తెప్పించండి. ఫైబర్ తోలు డప్పులైతే ఈ బాధ ఉండదు, ఆ కమ్మటి లోతైన శబ్దం కూడా ఉండదు.

రెండో దారిలో డప్పు లేకుండా ఆర్కెస్ట్రాయే దరువు వేస్తుంది. దానికి వాద్యాలు ఎలా పంచాలో కింద చెబుతున్నాను.

5. వాద్యాలకు పంచడం

సిర్ర దెబ్బకు: డబుల్ బేస్, చెల్లో పిజికాటో (తీగ మీటడం), దాంతోపాటు గుడ్డ కప్పి మూగ చేసిన బేస్ డ్రమ్. బసూన్లు పొట్టి స్వరంతో కలిస్తే దెబ్బకు అంచు వస్తుంది. టింపనీ మీదికి వెంటనే పరిగెత్తకండి. టింపనీకి స్పష్టమైన శ్రుతి ఉంటుంది. ప్రతి దెబ్బకూ "స–ప–స–ప" అని మోగి, పావుగంటలో మిలిటరీ కవాతు అయిపోతుంది. దాన్ని మలుపులకు దాచుకోండి.

చిటికెన పుల్లకు: కింది వైర్లు వదులు చేసిన స్నేర్ డ్రమ్ అంచు మీద సన్నటి పుల్ల, వయోలాలు కమాను కర్రతో తీగలను కొట్టడం. దీన్ని కోల్ లెన్యో అంటారు. ఖరీదైన కమాను కర్ర పాడవుతుందని వాయించేవాళ్లు భయపడతారు, వాళ్ల భయం న్యాయమే. పాత కమానుగానీ పెన్సిల్‌గానీ వాడుకోవచ్చని పార్టులోనే (ఆ వాద్యానికి ఇచ్చే కాగితంలోనే) రాయండి. రాయకపోతే తాకీతాకనట్టు కొడతారు, రిహార్సల్‌లో "వినబడట్లేదు" అని మీరు తల పట్టుకుంటారు.

సన్నాయికి: చాలామంది వయొలిన్ ఇస్తారు. వద్దు. ఓబో, దానితో యూనిసన్‌లో మ్యూట్ పెట్టిన ట్రంపెట్ ఒకటి. రెండూ ఒకే బాణీ వాయించాలి, కానీ అచ్చంగా ఒకేలా కాదు. ఓబోకు గమకాలు రాయండి, ట్రంపెట్‌కు సాదాగా వదిలేయండి. ఆ చిన్న తేడాలోంచే వీధి సన్నాయి వాసన వస్తుంది.

కొమ్ముకు: ఫ్రెంచ్ హార్న్‌లు. నాలుగూ ఒకే స్వరంలో మొదలై పై స్వరానికి ఎగబాకి అక్కడే నిలవాలి. కొమ్ము బూరకు ఉండేవి కొన్ని స్వరాలే. హార్న్‌లకు ఇక్కడ తీయటి బాణీ రాస్తే కొమ్ము కాస్తా సినిమా హీరో ఎంట్రీ అవుతుంది.

పోతరాజుకు: కాళ్ల గజ్జెలకు స్లే బెల్స్ బాగా సరిపోతాయి. కొరడాకు ఆర్కెస్ట్రాలోనే విప్ అనే వాద్యం ఉంది, రెండు చెక్కలు ఫట్టున కొట్టేది. మొత్తం రచనలో మూడుసార్లకు మించి వాడొద్దు. నాలుగోసారి జనం నవ్వుతారు.

జనానికి: కోరస్ కన్నా స్ట్రింగ్స్ మేలు. ఒక్కో విభాగాన్ని మూడు నాలుగు గొంతులుగా చీల్చి, దగ్గర దగ్గర స్వరాలు ఇచ్చి, మెల్లగా, ఒకరితో ఒకరికి పొంతన లేకుండా కమాను లాగమనండి. దూరం నుంచి వచ్చే జనం మాటల హోరులా ఉంటుంది.

ఇక బాణీ సంగతి. ఊరేగింపు పాటల్లో నాలుగైదు స్వరాలు తిరుగుతుంటాయి. కింద కార్డ్ ప్రోగ్రెషన్ (ఒకదాని తర్వాత ఒకటి మారే స్వరాల గుత్తులు) వేస్తే పాట వెంటనే చర్చి హాల్లోకో, సినిమా క్లైమాక్స్‌లోకో వెళ్లిపోతుంది. కార్డులు మార్చకండి. ఒక శ్రుతి పట్టి ఉంచి, దాని మీద బాణీని మూడు వాద్యాలకు మూడు చిన్న తేడాలతో ఇవ్వండి. "విషాదంగా ఉండాలి కదా" అని మైనర్ స్కేలు ఎక్కించేవాళ్లూ ఉన్నారు. బోనాల వీధిలో విషాదం ఎక్కడ కనబడిందో నాకు తెలియదు.

6. దూరాన్ని రాయడం

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. ఊరేగింపు రాక అంటే చిన్నగా మొదలై క్రమంగా పెరిగే క్రెషెండో అనుకుంటారు. వీధిలో అలా వినబడదు.

దూరంలో ఉన్నప్పుడు ముందు కింది స్థాయి శబ్దం మాత్రమే అందుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలు ఇళ్లను చుట్టుకుని వస్తాయి, పై శబ్దాలు దారిలోనే ఆగిపోతాయి. కాబట్టి మొదటి నిమిషం బేస్ డ్రమ్, డబుల్ బేస్ మాత్రమే. చిటికెన పుల్ల దెబ్బ ఒక్కటి కూడా వద్దు.

తర్వాత మూల మలుపు. ఇక్కడ శబ్దం పెరగదు, తెరుచుకుంటుంది. ఒక్క బార్‌లో (నొటేషన్‌లో రెండు నిలువు గీతల మధ్య భాగం) వయోలా, స్నేర్, ఓబో అన్నీ ఒకేసారి వచ్చేయాలి, అదీ ఫోర్టేలో (గట్టిగా) కాదు, మధ్యస్థంగా. మెట్టుమెట్టుగా ఇలాంటివి రెండు మూడు పెట్టుకోండి. మెట్ల మధ్య శబ్దాన్ని పెంచొద్దు.

ఎదురుగా వచ్చినప్పుడు వివరం ఎక్కువ, బాణీ తక్కువ. దగ్గర్లో డప్పులుంటే పాట వినబడదు కదా. ఈ చోట దరువును వేదిక మీద నడిపించండి: మొదటి వయొలిన్లు రెండు బార్లు, అక్కడి నుంచి రెండో వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు. మామూలు కూర్పులో మొదటి వయొలిన్లు ఎడమ చివర, చెల్లోలు కుడివైపు ఉంటాయి కాబట్టి దరువు నిజంగానే ఎడమ నుంచి కుడికి దాటుతుంది. మీ హాల్లో కూర్పు వేరుగా ఉందేమో కండక్టర్‌ను ముందే అడగండి.

వెళ్లిపోతున్నప్పుడు ముందు పోయేది పై శబ్దం. ఓబో, తర్వాత కోల్ లెన్యో, చివరికి మళ్లీ బేస్ డ్రమ్. రైలు కూతలా శ్రుతి దిగిపోతున్నట్టు గ్లిసాండో రాస్తారు కొందరు. మనిషి నడక వేగానికి శ్రుతిలో వచ్చే మార్పు సెమీటోన్‌లో (పక్కపక్క స్వరాల మధ్య అతి చిన్న మెట్టు) అయిదో వంతు కూడా ఉండదు. ఆ గ్లిసాండో కొట్టేయండి.

వేదిక వెనక నుంచి కొందరు వాయించేలా పెడితే ఇంకా బాగుంటుంది. కానీ శబ్దం సెకనుకు 340 మీటర్లే వెళ్తుంది. 34 మీటర్ల దూరంలో వాయిస్తే సెకనులో పదో వంతు ఆలస్యం. నిమిషానికి 120 అడుగుల వేగంలో అది అడుగులో అయిదో వంతు, చెవికి స్పష్టంగా తెలిసిపోతుంది. వెనకున్నవాళ్లు చెవిని నమ్మకుండా కండక్టర్ చేతిని మానిటర్‌లో చూస్తూ, కాస్త ముందుకు తోసి వాయించాలి. ఇది కుదరదనుకుంటే వాళ్లకు దరువు ఇవ్వకుండా కొమ్ము మాత్రమే ఇవ్వండి. కొమ్ము ఎప్పుడొచ్చినా కొమ్మే.

7. ఆగడం నేర్పండి

బోనం ఇంటి ముందుకు రాగానే ఆడవాళ్లు వచ్చి, బోనమెత్తిన ఆమె కాళ్లకు నీళ్లు పోస్తారు. నడక ఆగుతుంది, దరువు ఆగదు. డప్పులవాళ్లు ఉన్నచోటే తిప్పితిప్పి కొడుతుంటారు. ఆ ఉన్నచోటి ఊపు లేని ఊరేగింపు సంగీతం నాకు ఖాళీగా అనిపిస్తుంది.

రాసే పద్ధతి: రెండు బార్లు పెట్టెలో పెట్టి, "కండక్టర్ సైగ చేసేదాకా" అని రాయండి. కింది స్థాయి శబ్దాలు, అంటే డబుల్ బేస్, బేస్ డ్రమ్, తీసేయండి. పై దరువు ఒక్కటే మిగలాలి. మళ్లీ బేస్ అందుకోగానే జనం కదిలినట్టు తెలుస్తుంది, వివరణ అక్కర్లేదు. రికార్డింగ్‌కు క్లిక్‌తో (చెవిలో మోగే మెట్రోనోమ్ దెబ్బతో) చేస్తుంటే తిప్పులు ముందే లెక్కకట్టి రాయక తప్పదు. అప్పుడు ఏడో, తొమ్మిదో తిప్పులు పెట్టండి. ఎనిమిదైతే వినేవాడు ముందే పసిగట్టేస్తాడు.

ఆగినప్పుడు డప్పు మళ్లీ కాచుకొస్తారు. దాన్నీ వాడుకోవచ్చు. ఆగక ముందుకన్నా ఆగిన తర్వాత దరువు ఒక సెమీటోన్ పైన ఉంచండి. ఎవరూ కనిపెట్టరు, కానీ అందరూ నిటారుగా కూర్చుంటారు.

రంగాన్ని కూడా తేవాలనుకుంటే, దరువు మొత్తం ఒక్కసారి తెగిపోవాలి. ఒకే వయోలా, తాళం లేకుండా, మాట్లాడే తీరులో అడుగుతున్నట్టు, బెదిరిస్తున్నట్టు, ఓదారుస్తున్నట్టు. వెనక ఏ శ్రుతీ వద్దు. అర నిమిషం చాలు.

8. పార్టులు, రిహార్సల్

హార్న్, క్లారినెట్, ట్రంపెట్‌లు కాగితం మీద రాసిన స్వరం కన్నా వేరే స్వరంలో మోగుతాయి, వాటికి శ్రుతి మార్పు సరిగ్గా ఉందో లేదో సాఫ్ట్‌వేర్ మీద వదిలేయకుండా ఒక్కో పార్టు తెరిచి చూడండి. మన సినిమాలవాళ్లు తరచూ వెళ్లే బుడాపెస్ట్, స్కోప్యే లాంటి చోట్ల ఆర్కెస్ట్రాలు చూడగానే వాయించేస్తాయి. అక్కడ "తీన్‌మార్ ఫీల్" అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. ఏ మాత్ర మీద ఒత్తు, ఏ దెబ్బ పొట్టి అన్నది గుర్తులతోనే చెప్పాలి.

డప్పు కళాకారుడు నొటేషన్ చదవకపోవచ్చు, ఆర్కెస్ట్రావాళ్లు విని వాయించే అలవాటులో ఉండకపోవచ్చు. డప్పాయన చెవిలో క్లిక్ పెట్టి ఆయన్ని కట్టేయకండి. ఆర్కెస్ట్రానే ఆయన వెంట నడిపించండి. మొదటి అరగంట డప్పు, డబుల్ బేస్, పెర్కషన్ మాత్రమే. మిగతావాళ్లు అప్పటిదాకా వింటారు. ఆయనకు మలుపులు బార్ నంబర్లతో చెప్పకుండా శబ్దాలతో చెప్పండి: "హార్న్ ఎగబాకినప్పుడు ఆపు", "ఓబో పోయాక తగ్గించు".

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

నడిచి చూడండి. డెమో పెట్టుకుని ఆరుబయట నడవండి. కాలు దానంతట అది కలిస్తే వేగం సరి. పరుగెత్తాలనిపిస్తే వేగం ఎక్కువైంది, దాదాపు అందరూ ఎక్కువే పెడతారు.

బాణీ మొత్తం మ్యూట్ చేయండి. దరువు, దూరం మాత్రమే మిగిలినా "వస్తోంది, ఆగింది, పోయింది" అని తెలియాలి. తెలియకపోతే బాణీని నమ్ముకుని రాశారన్నమాట, ఆరో మెట్టుకు వెనక్కి వెళ్లండి.

వేవ్‌ఫామ్ (రికార్డింగ్ శబ్దాన్ని తెరపై చూపే బొమ్మ) చూడండి. మొదటి నుంచి చివరిదాకా ఇటుకలా ఒకే మందంలో ఉంటే అందులో దూరం లేదు. త్రికోణంలా సాఫీగా పెరుగుతుంటే మలుపులు లేవు. మెట్లు కనబడాలి.

చివరగా, ఆ బస్తీలో పుట్టి పెరిగినవాళ్లకు, మీకు దరువు చెప్పిన కళాకారుడికి వినిపించండి. "బాగుంది" అన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దు. ఆయన వేళ్లు బల్ల మీద కదులుతున్నాయా, కదిలినవి ఏ బార్‌లో ఆగిపోయాయి? ఆగిన చోటు రాసుకోండి. సరిచేయాల్సింది అక్కడే.

వేరే ఊరేగింపులకైతే

పద్ధతి ఇదే, నిలబడే చోటు మారుతుంది. విజయనగరం పైడితల్లి సిరిమాను గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. రచనకు మూడు ఆవృత్తాల రూపం దొరికినట్టే. మానుకొసన పూజారి అంత ఎత్తున కూర్చుంటాడు కాబట్టి పై స్థాయికీ కింది స్థాయికీ మధ్య ఖాళీ వదలండి. కోనసీమ జగ్గన్నతోటకు కనుమ నాడు ఏకాదశ రుద్రుల ప్రభలు చేరతాయి. పదకొండు గుంపులు పొలాలకు అడ్డంపడి వేర్వేరు దారుల్లో వస్తాయి, పైన చెప్పిన (ఇ) పద్ధతికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. మేడారంలో చిలకలగుట్ట నుంచి సమ్మక్క దిగే ముందు ఎదురుచూపే ఎక్కువ. అక్కడ సగం రచన ఎదురుచూపుకే ఇవ్వాలి, ఆ తర్వాతే గాల్లోకి పేల్చే తుపాకీ. బతుకమ్మ ముందుకు సాగదు, చుట్టూ తిరుగుతుంది. ఒకామె అందుకుంటే మిగతావాళ్లు "ఉయ్యాలో" అని కలుస్తారు కాబట్టి ఒంటరి వాద్యం, గుంపు జవాబు అన్న పంపకం సిద్ధంగా ఉంది. దూరం పాఠం అక్కడ పనికిరాదు.

పెద్ద ఆర్కెస్ట్రా లేకపోతే

ఎనిమిది మంది చాలు: రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో, డబుల్ బేస్, ఓబో లేదా క్లారినెట్, ట్రంపెట్, పెర్కషన్ ఒకరు. స్కూల్ పిల్లలైతే కోల్ లెన్యో పెన్సిళ్లతోనే చేయించండి, వాళ్లకు సరదా కూడా. మలుపు దగ్గర తెరుచుకోవడానికి, అప్పటిదాకా తలుపు అవతల నిలబెట్టిన ముగ్గురి చేత వాయిస్తూనే లోపలికి నడిపించండి. వాళ్లకు ఆ బార్లన్నీ కంఠతా రావాలి.

స్కోరు మొదటి పేజీలో మీ పేరు కింద దరువు ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊరో, ఆయన ఒప్పుకుంటేనే రాయండి. డప్పు మాదిగల చేతుల్లో తరతరాలుగా బతికిన కళ. కచేరీ కరపత్రంలో "జానపద లయలు" అని ముక్తసరిగా వేసి వదిలేస్తే ఆ మనుషులు మాయమైపోతారు. రికార్డింగ్ నుంచి ఆదాయం వస్తే అందులో ఆయన వాటా ఎంతో రిహార్సల్‌కు ముందే కాగితం మీద పెట్టుకోండి.